దిష్టి తగిలిన వీడియో గేమ్

నా చిన్నప్పుడు మా వీధిలో అందరికంటే ముందు వీడియో గేమ్ చూసిన పిల్లను నేనే. చూసిన పిల్లను మాత్రమే. ఆడే పిల్ల పక్కింట్లో ఉండేది.

అప్పట్లో మేము నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఇంటికి సముద్రం కనిపించేది కాదు గాని, పొద్దున లేచి తలుపు గొళ్ళెం పట్టుకుంటే చేతికి తడి తగిలేది. పక్కింటి పెద్దాయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకొకసారి సెలవు మీద వచ్చేవాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. చిన్నది నా ఈడుది, బడిలో నా బెంచీలోనే కూర్చునేది. పెద్దామె పదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో మిషన్ కుట్టేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. డైరీ రాసే అలవాటు నాకు అప్పటికింకా రాలేదు కాబట్టి తేదీ చెప్పలేను. వానలు మొదలైన నెల అని మాత్రం గుర్తుంది.

ఆ సెలవుకు పెద్దాయన చిన్న కూతురి కోసం ఒక వీడియో గేమ్ తెచ్చాడు. ఇప్పటి పిల్లలు టీవీకి తగిలించి ఆడే పెద్ద పెట్టెలాంటిది కాదు. సబ్బుబిళ్ళంత ఉండేది. దాని గాజు పలకలో పైనుంచి కాయలు పడుతుంటే కింద నల్లటి మనిషిబొమ్మ బుట్టతో పట్టుకోవాలి. పట్టిన ప్రతి కాయకూ టిక్కుమని చప్పుడు, మూలన ఒక అంకె పెరగడం. అంతే ఆట. ఆ టిక్కు మా వంటింట్లోకి కూడా వినిపించేది. అది వినిపించినప్పుడల్లా నాకు నోట్లో అన్నం చేదెక్కేది.

నా స్నేహితురాలు పిసినారి కాదు. వీధిలో పిల్లలందరికీ వంతులేసి ఇచ్చేది. నా వంతు మాత్రం ఎప్పుడూ చివరికి పోయేది. అడిగితే, "నువ్వు యాడికి పోతావు మే, రోజూ ఉండేదానివే గదా" అనేది. ప్రేమగానే అనేది. అదే నన్ను ఎక్కువ మండించింది. నిన్నటిదాకా మా ఇద్దరిదీ ఒక జట్టు. ఇప్పుడు ఆమె చుట్టూ పదిమంది, ఆమె భుజం వెనక నేను. ఆమె కాయ జారవిడిస్తే నాకు లోలోపల హాయిగా ఉండేది. అక్క ఆ గేమ్ పెట్టుకోవడానికి రవిక గుడ్డ ముక్కతో పచ్చటి సంచి కుట్టి ఇస్తే, ఆ సంచి మీద కూడా నాకు అసూయే.

మా వీధిలో ఎవరికి దిష్టి తగిలినా తీసేది మా అవ్వ. హిందువుల ఇల్లా, ముస్లింల ఇల్లా అని ఆమె చూసేది కాదు, పక్కింటివాళ్ళూ ఆమెనే పిలిచేవాళ్ళు. గేమ్ చూడటానికి వచ్చే జనాన్ని చూసి అవ్వ, "ఇంతమంది కండ్లు పడతా ఉంటే వస్తువు నిలస్తాదా" అని గొణిగింది. నల్లగుడ్డలో గుప్పెడు కల్లుప్పు, రెండు ఎండుమిరపకాయలు మూటగట్టి ఆ పచ్చ సంచిలో వేసింది. గేమ్ తీసి ఆడుకున్నా సరే, మళ్ళీ ఆ మూట పక్కనే పెట్టాలని చెప్పింది. నా స్నేహితురాలు అట్లాగే పెట్టేది.

పెద్దాయన కువైట్ తిరిగి వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం గేమ్ వెలగలేదు. ఏ బొత్తాం నొక్కినా గాజు పలక ఖాళీగానే ఉంది. నా స్నేహితురాలు గుక్కపట్టి ఏడ్చింది. వాకిట్లో చేరిన ఆడవాళ్ళ ముందు మా అవ్వ, "నేను ఆ పొద్దే చెప్పలా" అంది. ఉప్పుకు కూడా ఆగలేదంటే అది మామూలు కన్ను కాదని తేల్చేసింది. ఎదురింటామె ఊరుకోలేదు. "ఎవురి కన్నో తెలవందేముంది? పొద్దస్తమానం ఎనకాల కూచోని గుడ్లప్పగించి చూసేది ఒకటే గదా" అంది. అందరూ నావైపు తిరిగారు. మా అవ్వ కూడా తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

మరుసటి రోజు బడిలో నా స్నేహితురాలు వాళ్ళ నాన్న తెచ్చిన కొత్త పెన్నును నాకు కనిపించకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంది.

ఎదురింటామె మాటను నేను పూర్తిగా నమ్మాను. నమ్మకుండా ఎట్లా ఉంటాను? అది చెడిపోతే బాగుండునని నా మనసులో అనిపించిన మాట నాకు తెలుసు గదా. మా ఇంట్లో బర్రె ఈని వారం కూడా కాలేదు. దూడ మీద నా చూపు పడితే ఏమవుతుందోనని కొట్టం దగ్గర తల తిప్పుకుని పోయేదాన్ని. అమ్మ అన్నం పెడుతుంటే ఆమె ముఖం చూడటానికి భయపడి కంచంలోకే చూసేదాన్ని. నా కళ్ళు నాకే బరువైపోయాయి. ఇక జీవితమంతా నేల చూస్తూ బతకాలేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ప్రహరీ మీదుగా అక్క కేకేసింది. "మే, ఇట్టా రా. నీతో పనుండాది."

వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. మిషన్ పక్కన చాప మీద తెల్లటి దిండు గలీబు పరిచి, దాని మీద గేమ్ పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన నా స్నేహితురాలు మూతి ముడుచుకుని ఉంది. అలాంటి వస్తువును బాగుచేసేవాళ్ళు నెల్లూరులో కూడా దొరకలేదని నాకు తెలుసు. నన్నెందుకు పిలిచారో మాత్రం అర్థం కాలేదు.

"తలకాయెత్తు. నేల మీద ఏం రాలిపోయిందని ఎతకతా ఉండావు?" అంది అక్క. తర్వాత చెల్లెల్ని అడిగింది, ఇది ఎప్పుడు చెడిందని.

"మొన్న."

"అంతకుముందు ఎట్టుండె?"

"బాగనే ఉండె."

అక్క నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీ కండ్లు దీనిమీదనే ఉండె గదా. అవి చూసిందేదో మాకు పనికి రానీ."

నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే చెప్పాను. మొన్న చెడిపోలేదు, అంతకుముందునుంచే పాడవుతూ వచ్చింది. ముందు టిక్కు సన్నబడింది. తర్వాత మూలనున్న అంకె వెలిసిపోయింది. సంచిలోంచి తీయగానే మరీ మసకగా ఉండేది, ఎండ పడే మెట్టు మీద కాసేపు పెడితే కొంచెం తేరుకునేది. సంచి అడుగున ఒక తడి మరక, దాని అంచున తెల్లటి గీత. ఆ సంచి రాకముందు ఇవేమీ లేవు.

నా స్నేహితురాలు నోరు తెరిచింది. "ఇదంతా ఎప్పుడు చూసినావే?"

"నువ్వు బొమ్మను చూస్తా ఉన్నప్పుడు" అంది అక్క.

కుట్టుమిషన్ పెట్టెలోని బుల్లి స్క్రూడ్రైవర్‌తో ఆమె గేమ్ వెనక మూత తీసింది. బిళ్ళ బ్యాటరీలు కూర్చునే చోట ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. అక్క దాన్ని చూసి, సంచి అందుకుని, లోపలి ఉప్పు మూటను పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీరు ఊరింది. వానాకాలంలో మా వైపు ఇళ్ళల్లో ఉప్పు జాడీ కింద పళ్ళెం పెట్టాల్సిందే. ఉప్పు గాలిలో తడి పీల్చుకుని కారుతుంది. అది తెలియని ఆడపిల్ల లేదు. అయినా దిష్టికి కట్టిన ఉప్పు కూడా కారుతుందని ఎవరికీ తట్టలేదు. నా కంటినుంచి కాపాడటానికి పెట్టిందే దాన్ని తినేసింది.

అక్క నిమ్మకాయ కోసింది. అగ్గిపుల్లకు దూది చుట్టి, రసంలో ముంచి చిలుము తుడిచింది. తర్వాత నా బడిసంచిలో రబ్బరు ఉందా అని అడిగింది. పరుగెత్తి తెచ్చాను. రేకు మీద దాన్ని రుద్దే పని నాకే ఇచ్చింది. నా స్నేహితురాలు విసనకర్రతో తడి ఆరేదాకా విసిరింది. పచ్చదనం కిందనుంచి పసుపు మెరుపు బయటపడుతుంటే ఇంకా గట్టిగా రుద్దాను. బ్యాటరీలు తుడిచి పెట్టి, మూత బిగించి, అక్క బొత్తాం నొక్కింది.

టిక్.

నా స్నేహితురాలు కేక పెట్టి, గేమ్ లాక్కుని వీధిలోకి పరుగెత్తింది. నేను రబ్బరు పొట్టు మధ్య కూర్చుండిపోయాను. దూరంగా పిల్లల గోల, ఆ టిక్కు. నాలో మళ్ళీ అదే కుళ్ళు.

"ఏడుపుగా ఉండాదా?" అంది అక్క, దారం ఎక్కిస్తూ.

తల ఊపాను.

"మా నాయన నాకేం తెచ్చినాడో తెలుసా? మిషన్ సూదులు. ఒక డబ్బా."

"నీకు ఏడుపు రాలేదా అక్కా?"

"రాలేదని ఎవురు చెప్పినారు? అది ఇంటికొచ్చిన పొద్దునుంచీ దాని కడుపులో ఏముండాదో చూడాలని కాసుకోనుండా. ఈ పొద్దు చూసినా." ఆమె సూది బెజ్జంలోంచి కన్ను తీసి నావైపు చూసింది. "నీ కంట్లో ఏమీ లేదు మే. చూస్తాది, అంతే. చూసినాక దించుకోబాకు."

నేను ఆ గేమ్ కోసం కుళ్ళుకుంటూ వచ్చి, ఆ ఇంటినుంచి ఇంకో కుళ్ళుతో వెళ్ళాను. నాకట్లాంటి అక్క లేదే అని.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. మూట వల్లే గేమ్ చెడిందని అవ్వకు చెప్పలేదు. "అవ్వా, నీ ఉప్పు మహా గట్టిది. ఒక్క ఆటబొమ్మకు ఎందుకు, మా గుమ్మానికి కట్టు, ఇంటికంతా కాపలా ఉంటాది" అంది. అవ్వ పొంగిపోయి అప్పటికప్పుడే కొత్త మూట కట్టింది. వాకిట్లో అడిగినవాళ్ళందరికీ అక్క ఒకటే చెప్పింది, బ్యాటరీ దగ్గర చిలుము పట్టిందని, దాన్ని కనిపెట్టింది ఈ పిల్లేనని, నన్ను చూపిస్తూ. ఎదురింటామెకు రెండుసార్లు చెప్పింది. ఆ వారంలోనే నా స్నేహితురాలు మొదటి వంతు నాకిచ్చింది. మూడో కాయకే జారవిడిచాను. అన్నాళ్ళు చూసినా నాకు ఆట రాలేదు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి దూడను తనివితీరా చూసుకున్నాను.

నాకిప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎందరినో చూసి కుళ్ళుకున్నాను. ఒకామె చేతిరాత, ఇంకొకామె పై అధికారి ముందు తడబడకుండా మాట్లాడే తీరు. ఆ గుణం నన్ను వదిలిపోలేదు, వదులుతుందని ఇప్పుడు అనుకోవడం కూడా లేదు. కాకపోతే అది వచ్చినప్పుడు తల దించుకుని పక్కనుంచి పోను. దగ్గరికి వెళ్ళి, అదెట్లా చేస్తారో చూపించమంటాను. చాలామంది చూపించారు.

మొన్న మా కింది వాటాలో ఉండే నా ఈడు ఆవిడ స్కూటీ నేర్చుకుని, కూరగాయల సంచి ముందు పెట్టుకుని, గేటులోంచి దర్జాగా లోపలికి వచ్చింది. బాల్కనీలోంచి చూసి నా ప్రాణం చివుక్కుమంది. చెప్పులేసుకుని కిందికి దిగాను. మీ మీద నాకు కుళ్ళుగా ఉందండీ, ఇదెట్లా నడుపుతారో కాస్త చూపిస్తారా అని అడిగాను. ఆవిడ పగలబడి నవ్వి, సంచి కింద పెట్టి, సీటు మీద వెనక్కి జరిగింది.