నాలుగు సెకన్లు ఆలస్యంగా మోగిన రేడియో

నేను చేసిన తప్పులన్నిటినీ వరుసలో నిలబెడితే, ఈ రేడియో తప్పు మిగతా వాటికన్నా జానెడు పొడుగే ఉంటుంది. పాలమూరులో హాలు నిండా జనం ముందు నా పరువు ఎలా పోయిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు ఆ హాల్లో నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే.

తొంభైల చివర నల్లగొండలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పాలమూరులో జరిగే విద్యార్థుల పోటీకి నేనూ, నా గదిలో ఉండే లింగస్వామీ ఒక రేడియో చేసుకొస్తామని పేర్లిచ్చాం. మామూలు రేడియో అయితే ఎవడైనా చేస్తాడు. మాది కంప్యూటర్ రేడియో. ఏరియల్ పట్టుకున్నదాన్ని చిన్న బోర్డు ఒకటి కంప్యూటర్‌కు అందిస్తుంది. స్టేషన్ వెతకడం, గోల తీసేయడం అంతా ప్రోగ్రామే చూసుకుంటుంది. తిప్పడానికి బిరడా ఉండదు, అంకె కొట్టాలి.

మా హెడ్డు సారు ఒక్కటే మాట చెప్పాడు. "ప్రైజు రాకున్నా మంచిదే. అది మోగితే పాసు. మోగలేదనుకో, మల్లచ్చే ఏడు గిదే బెంచి మీద కూసుంటరు."

ఊళ్లో మా బాపు అప్పటికే "మావోడు కంపూటర్ల నుంచి పాటలు తీస్తుండు" అని కనబడ్డవాడికల్లా చెప్పేశాడు. కాబట్టి అది మోగి తీరాలి.

మోగింది. కొంప ముంచింది అదే.

మా కిరాయి గదికి ఆనుకొని మక్బూల్ చాచా టైలర్ దుకాణం. మధ్యలో ఒక కిటికీ. చాచా రేడియో పెట్టుకొని బట్టలు కుడుతుంటాడు. ఒకరోజు నేను హెడ్‌ఫోన్లు తగిలించుకొని అంకె కొట్టగానే చెవిలో పాట వచ్చింది. చాచా దగ్గర వస్తున్న పాటే, కాకపోతే నాలుగు సెకన్లు వెనక.

"గీ నాలుగు సెకన్లేందిరా?" అన్నాడు లింగస్వామి.

"కంప్యూటర్ లెక్కలు చెయ్యాలె గద. గంత టైము గూడ ఇయ్యవా దానికి?" అన్నాను.

ఇక రోజూ అదే పరీక్ష. కిటికీ తెరిచి "చాచా, జర రేడియో పెట్టవా" అనేవాణ్ణి. ఆయన పెట్టేవాడు. మా దాంట్లోనూ వచ్చేది. స్టేషన్ మార్చమంటే మార్చేవాడు, మాదీ మారేది. ఇంతకన్నా రుజువేం కావాలో మీరే చెప్పండి.

"నువ్వు అంకె కొట్టకముందే మారింది గదరా" అన్నాడు లింగస్వామి.

"ప్రోగ్రామ్ నేర్చుకుంటాంది."

"ఒక్కపారి ఏరియల్ పీకి సూద్దామా?"

"నడిచే బండికి చక్రం పీకి సూస్తరా ఎవరన్న?" అని గద్దించాను. ఆ గద్దింపు ఇప్పటికీ నా చెవిలో గింగురుమంటుంది.

పాట వెనకాల టకటకమని ఒక చప్పుడు మాత్రం వదలకుండా వచ్చేది. పొద్దున పదింటికి మొదలై సాయంత్రానికి ఆగేది. శుక్రవారం మధ్యాహ్నం ఉండేది కాదు, స్టేషనూ ఉండేది కాదు. రంజాన్ దగ్గరపడేకొద్దీ విపరీతంగా పెరిగింది. ఇదంతా ఆకాశంలోని పొరల ప్రభావమని నేను నోటుబుక్కు నిండా రాశాను. శుక్రవారానికీ ఆకాశానికీ ఉన్న సంబంధం మీద రెండు పేజీలు వేరే. లింగస్వామి రెండు నెలలు కూర్చొని ఆ చప్పుడును తీసేసే ఫిల్టర్ రాశాడు. ఆలు లేదు, చూలు లేదు, మేం మాత్రం సోమలింగానికి దగ్గుమందు తయారుచేశాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేం పక్కింట గెలిచి, కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకొని పాలమూరు బస్సెక్కాం.

అక్కడ అందరికీ వినపడాలి కాబట్టి మొదటిసారి హెడ్‌ఫోన్లు తీసి పెద్ద స్పీకర్ పెట్టాం. జడ్జిగా ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చాడు. నేను అంకె కొట్టాను. నిశ్శబ్దం. ఇంకో అంకె కొట్టాను. మరింత నిశ్శబ్దం. ప్రొఫెసర్ గారు విసుగ్గా దగ్గాడు.

నాలుగు సెకన్ల తర్వాత మా రేడియో దగ్గింది.

హాలంతా మా వైపు తిరిగింది. ఇంకో నాలుగు సెకన్లకు మళ్ళీ దగ్గింది. తన దగ్గును తనే విని మళ్ళీ మళ్ళీ దగ్గుతోంది, క్షయ రోగిలా.

"ఏ స్టేషన్ ఇది?" అన్నాడు ప్రొఫెసర్.

"హైదరాబాద్ సార్" అన్నాను.

"ఏ స్టేషన్ ఇది? హైదరాబాద్ సార్" అంది రేడియో.

ఆయన చెయ్యి చాపి ఏరియల్ పీకేశాడు. దగ్గు ఆగలేదు. పెట్టె వెనక చెయ్యి పెట్టి, ఎలుకను తోక పట్టి లేపినట్టు ఒక వైరు పైకి లేపాడు. దాని చివర మైకు.

మొదట్లో మా పేర్లు రికార్డు చేద్దామని ఆ మైకు గుచ్చింది నేనే. గదిలో దాన్ని కిటికీకి వేలాడేసింది నేనే. ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచి వినాలో చెప్పే చోట బోర్డు అంకెకు బదులు మైకు అంకె రాసింది కూడా నేనే. మూడు నెలల్లో మా బోర్డు ఒక్క ముక్క పలకలేదు. మేం విన్నదంతా చాచా దుకాణం. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. లింగస్వామి మొహం చూడలేకపోయాను.

ప్రొఫెసర్ మాత్రం తల పైకెత్తి ఫ్యాను వైపు చూశాడు. అది టకటకా కొట్టుకుంటోంది. "దీని చప్పుడు స్పీకర్‌లో రావడం లేదే. ఎవరు తీసేశారు?"

"నేనే సార్" అన్నాడు లింగస్వామి.

"దేనికోసం రాసినవ్?"

వాడు నా వైపు ఒక చూపు చూశాడు. "కుట్టు మిషన్ కోసం సార్."

"కుట్టు మిషన్ కోసం సార్" అంది రేడియో. ప్రొఫెసర్ గారు కుర్చీ పట్టుకొని నవ్వాడు. కాగితం మీద 'రేడియో లేదు, ఫిల్టర్ ఉంది' అని రాసిచ్చాడు.

నల్లగొండలో హెడ్డు సారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంతకు అది మోగిందా, లేదా?"

"మోగుడు ఆగలే సార్" అన్నాడు లింగస్వామి. పాసయ్యాం. వాడి పుణ్యాన నేను కూడా.

చాచాకు జరిగినదంతా చెప్పి క్షమించమన్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

"నువ్వు రోజు కిటికీ తీసి రేడియో పెట్టుమంటే, పాపం పోరలకు రేడియో లేదనుకుంటి బేటా. గందుకే కిటికీల పెట్టి సౌండు పెంచిన" అన్నాడు. తర్వాత లేచి, అలమారలోంచి పాత రేడియో ఒకటి తీసి, దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. గిది మోగుతది."

ఆ రేడియో మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నా చేత్తో చేసిన ఏ యంత్రమైనా పనిచేస్తోందని నలుగురికీ చెప్పేముందు దాని వైరు పీకి చూస్తాను. అప్పుడు కూడా పనిచేస్తుంటే, ముందుగా పక్కింటివాళ్ళకు దండం పెట్టి వస్తాను.