కోడిపుంజు తోక

1998లో నేను ధర్మవరంలో, నేతగాళ్ల వీధిని ఆనుకుని ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. ఐదో తరగతి నాది. వారానికోసారి ‘వర్క్ ఎక్స్‌పీరియెన్స్’ అనే పీరియడ్ ఉండేది, అంటే పిల్లలు చేతులతో ఏదో ఒకటి చేసి నేర్చుకునే గంట. చాలా బళ్లలో ఆ గంటలో కాగితం పడవలు చేయించి మమ అనిపించేవాళ్లు. నాకది ఒళ్లుమంట. నేను పాత సామాన్లతో శిల్పాలు కట్టించేదాన్ని. గుప్పిట్లో పట్టే బొమ్మలు కాదు, పిల్లల నడుమంత ఎత్తు ఉండేవి.

ఆ ఏడాది పెనుకొండలో జరగబోయే ప్రదర్శనకు ఏం చేద్దామని అడిగితే, క్లాసంతా “కోడిపుంజు!” అని అరిచింది. సరే, ఇళ్లలో పనికిరానివి తెమ్మన్నాను. అబ్బో, తెచ్చారు చూడండి! తెగిన హవాయి చెప్పులు, నూనె డబ్బాలు, పిండేసిన పేస్టు ట్యూబులు. సైకిల్ షాపాయన కొడుకు ఖాదర్ విరిగిన చువ్వలు, పంక్చరైన ట్యూబులు మోసుకొచ్చాడు. శిల్పానికి ముందుగా కావలసింది ‘ఆర్మేచర్’, అంటే లోపలి ఎముకల గూడు. చువ్వలు వంచి, బైండింగ్ వైరుతో బిగించి దాన్ని కట్టాం. దానిమీద ట్యూబు ముక్కల్ని ఈకల్లా పేర్చాం. ఎర్ర చెప్పు కోసి తలమీద తురాయి పెట్టాం.

తోక తెచ్చింది వరలక్ష్మి. వాళ్ల నాయన రామాంజి పట్టుచీరలు నేస్తాడు. మగ్గం పైన తిరిగే జకార్డు అట్టలు మీరు చూసే ఉంటారు. వాటి నిండా చిల్లులుంటాయి. ఆ చిల్లుల్ని బట్టే చీర అంచులో హంసో పువ్వో పడుతుంది. మగ్గం మీద కొత్త డిజైను ఎక్కింది కదా, అటక మీద దుమ్ముకొట్టుకుపోయిన పాత అట్టల దండ ఇక అక్కర్లేదనుకుంది ఆ పిల్ల. దండ తాళ్లు తెంపకుండానే విసనకర్రలా విప్పి గూటికి కట్టాం. కిటికీలోంచి ఎండ పడితే గోడంతా వెలుగు చుక్కలే! ఎన్నో బొమ్మలు చేయించాను గానీ అంత అందం నేనెప్పుడూ చూడలేదు. ఒకటే చిక్కు. ఆ పుంజు సొంతంగా నిలబడేది కాదు, ముక్కు మీద పడేది. బెంచీకి ఆనించి పెట్టేవాళ్లం.

ప్రదర్శన దగ్గర పడుతుండగా ఒక రోజు రామాంజి ఆదరాబాదరాగా బడికి వచ్చాడు.

“టీచరమ్మా, మా అట్టలు ఈడ ఉండాయంట గదా? హిందూపురం షావుకారు ఆ పాత అంచే కావాలంటాండాడు. పెండ్లి చీర. మళ్లా అట్టలు కొట్టించేలోగా ముహూర్తం దాటిపోతాది. ఆయప్ప పని ఇయ్యడం మానేస్తే నా మగ్గం నిలిచిపోతాది.”

అంతలో తోక కనబడింది. కూతురి వైపు తిరిగాడు. “సదువుకోమని పంపిస్తే నువ్వు చేస్తాండేది ఇదా? ఇంగ బడి చాలు. రేపట్నించి ఇంట్లో కూచ్చోని దారం కండెలు చుట్టు.”

చురుకైన పిల్ల, జూన్‌లో ఆరో తరగతికి హైస్కూలుకు పోవలసింది. ఆ వీధిలో ఒకసారి బడి మానేసిన ఆడపిల్ల తిరిగి రావడం నేను చూడలేదు.

“ఒక్క అట్టా కోయలేదప్పా, జిగురు కూడా పెట్టలేదు. ఇప్పుడే విప్పి ఇస్తాం,” అన్నాను.

అంతే, క్లాసులో గోల. “వద్దు టీచర్! పుంజు మొండిదైపోతాది!” అని ఖాదర్ ఏడుపందుకున్నాడు. వాడి చేతులకు ఆ చువ్వలు వంచిన బొబ్బలు ఇంకా మానలేదు పాపం.

వరలక్ష్మి వాడి మీదికి లేచింది. “మగ్గం నిలిచిపోతే మేం ఏం తినల్లరా? నీ పుంజునా?”

ఏడుస్తున్న ఖాదరే ముందు నవ్వాడు. తర్వాత అందరూ పనిలోకి దిగారు. ఒకరు వైరు విప్పుతుంటే ఒకరు అట్టలు పట్టుకున్నారు, ఒకరు చొక్కా అంచుతో దుమ్ము తుడిచారు. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. రామాంజి మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా తిప్పి చూసుకున్నాడు. ఒక్కటీ వంగలేదు.

“ఇట్లా పట్టుకునేది ఎవురు నేర్పిచ్చినారు మీకు?”

“వరలక్ష్మే మామా. అట్ట వంగితే చీరలో పువ్వు చెడిపోతాదంట,” అన్నాడు ఖాదర్.

ఆయన దండ చుట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు హాజరు పిలిచేటప్పటికి వరలక్ష్మి రాలేదు. నేను పాఠం చెబుతున్నానన్న మాటే గానీ కళ్లు గేటు మీదే ఉన్నాయి. కాసేపటికి తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చారు. ఆయన తువ్వాలు మూట విప్పితే అందులో పాత నాడెలు. నాడె అంటే దారపు కండెను లోపల పెట్టుకుని మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క సాధనం. వాళ్లింట్లో విరిగిన నాడెను పారేయరట, పొయ్యిలోనూ పెట్టరట. దేవుడి గూట్లో దాచి పండక్కి బొట్టు పెడతారట. ఆ కుంకుమ వాటికింకా అంటుకునే ఉంది.

“మా తాతవి కొన్ని, మా నాయనవి కొన్ని. తోక కట్టుకోండి,” అన్నాడు.

“దేవుడి దగ్గరివి కదప్పా, ఎట్లా?” అన్నాను.

“పిల్లోళ్లు మా అట్టల్ని ఎట్ల పట్టుకున్యారో చూసినాను గదా టీచరమ్మా. వీళ్ల దగ్గరుంటే గూట్లో ఉన్నట్టే.”

చెప్పులు విడిచి, పిల్లల మధ్యే కూర్చుని, ముడులు తనే వేశాడు. గట్టి చెక్క, కొనలకు ఇనుము. ఆ బరువు వెనక్కి పడేసరికి ఖాదర్ మెల్లగా బెంచీ జరిపాడు. మా పుంజు నిలబడింది! పిల్లల కేకలకు పక్క క్లాసులు కూడా పరుగెత్తుకొచ్చాయి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

పెనుకొండలో ఒక పెద్దమనిషి వంగి చూసి, “భలే ఉందే! అంతా చెత్తతోనే చేశారా?” అన్నాడు.

వరలక్ష్మి వెంటనే, “చెత్త గాదు సార్. మా ముత్తాత నాడెలు. మొక్కి తెచ్చినాం,” అంది.

బహుమతి రాలేదు. పోతే పోయింది. తర్వాత ముదిగుబ్బ వైపు, ఇంకా ఎన్నో ఊళ్లలో పిల్లలతో బొమ్మలు కట్టించాను. ఎక్కడా “పనికిరానివి తెండి” అనలేదు. అది ఎవరి వస్తువు, దాంతో ఏం పని చేశారు, ఇంట్లో అడిగి తెలుసుకుని మరీ తెమ్మనేదాన్ని. పిల్లలు వస్తువుతో పాటు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చేవారు.

ప్రదర్శన అయిన ఆ జూన్‌లోనే రామాంజి కూతుర్ని హైస్కూల్లో చేర్పించడానికి తీసుకుపోతూ మా బడి ముందు ఆగాడు. చేరిస్తున్నానని గానీ, ఆ రోజు కోపంలో అన్నానని గానీ చెప్పలేదు.

“టీచరమ్మా,” అన్నాడు, “గూట్లో ఇంకా నాడెలుండాయి. ఈ యేడు ఏం బొమ్మ కట్టిస్తాండావు?”