మాఫీ దెబ్బలు

మా ఊరి ఎల్లమ్మ మీద ఒట్టు, మా నాయిన గొర్ల మంద మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుకను తేలు కుట్టనీ. నా సంగతి తెలిసినవాళ్లు అప్పుడే నవ్వుతుంటారు. నవ్వనీయండి.

చిట్యాల దాటాక హైవే పక్కన ఒక గోల్ఫ్ మైదానం ఉన్నది. అక్కడ గడ్డి కోయించే పని నాది. పొద్దున్నే మిషను తిరుగుతుంటే తెగిన గడ్డి వాసన లేస్తుంది. మొన్న ఆ గడ్డిలోనే, మంచుకు తడిసి మెత్తబడిన స్కోరు కార్డు ఒకటి దొరికింది. రోజూ ఆడడానికి వచ్చే ఒక పెద్దాయనను అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఒక్కో గుంతలో బంతిని ఇన్ని దెబ్బల్లో వెయ్యాలని లెక్క ఉంటుందట, అది పార్. ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్, ఒకటి పెరిగితే బోగీ, రెండు పెరిగితే డబుల్ బోగీ. క్రికెట్ లాగా కాదు, ఇక్కడ అంకె ఎంత చిన్నదైతే ఆటగాడు అంత పెద్దవాడు.

"సార్, గిది మా గుంతలాటనే" అన్నాను. ఆయన నా భుజం తట్టి నవ్వాడు.

వానలు వెనకబట్టి, బీడంతా తంగేడు పూలతో పచ్చగా మెరిసి, సీతాఫలాలు కళ్లు తెరిచే రోజుల్లో, ఆడవాళ్లు ఇళ్లలో పండుగకు బెల్లం వేసి నువ్వుల సద్దీ పల్లీల సద్దీ దంచుతుంటే ఆ కమ్మటి వాసన ఊరి బయటిదాకా వచ్చేది, మేం గొర్రెబొచ్చు ఉండ మీద పాత చీర పీలికలు బిగించి చుట్టి బంతి చేసుకొని, వంకర తుమ్మకట్టెలు పట్టుకొని బీడు మీద పడేవాళ్లం. మూడు గుంతలు. మూడోది అన్నిటికన్నా దూరం, పెద్ద రాతి గుండు అవతల. మా అవ్వ ఆ గుండు మీద కూర్చొని చుట్ట తాగుతూ తీర్పులు చెప్పేది. మూడో గుంతకు "మంచి చెయ్యికి నాలుగు" అని ఆమె పెట్టిన లెక్కే మాకు పార్. బొగ్గుతో గుండు మీద గీతలు గీయడం నా పని. ఎవరు ఏ యేడు ఎన్ని దెబ్బలు కొట్టారో ఆ గుండును చూస్తే తెలిసేది.

ఆటలో మొనగాడు మా మేనత్త కొడుకు సైదులు బావ, నాకన్నా మూడేళ్లు పెద్ద. చిన్నపిల్లలకు రెండు దెబ్బలు మాఫీ చేయించే ఆనవాయితీ నడిపింది ఆయనే.

"అవ్వా, మా బామ్మర్దికి రెండు మాఫీ జెయ్యి. లేకుంటే ముక్కు చీదుకుంట ఇంటికి పోతడు."

"నువ్వు గెలిసేటోనివి గదరా, గందుకే పెద్ద మనసు!" అనేది అవ్వ.

ఒక యేడు బావ కొట్టిన మొదటి దెబ్బకే బంతి ఎగిరిపోయి మేస్తున్న పొట్టేలు వీపు మీది బొచ్చులో చిక్కుకున్నది. పొట్టేలు బెదిరి పరుగెత్తి, గుండు చుట్టి, మూడో గుంత దగ్గర ఆగి ఒళ్లు విదిలించింది. బంతి గుంతలో పడ్డది. మేం కొట్లాడుతుంటే అవ్వ చుట్ట తీసి "పొట్టేలు చేతుల కట్టె ఉన్నదారా? ఒక్క దెబ్బనే" అన్నది.

ఆ యేడే బావ వాళ్లింటి ముందు చేతిపంపు వేశారు. నీళ్లు తేటగా, చల్లగా వచ్చేవి. ఊరంతా మురిసిపోయింది. ఎండాకాలమంతా నేను నాయినతో గొర్లను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వలసపోయేవాణ్ని. బావ ఊళ్లోనే ఉండి ఆ నీళ్లే తాగాడు. ఆ నీళ్లలో ఎముకలను వంచే ఫ్లోరైడు ఉన్నదని మాకు అప్పుడెవరూ చెప్పలేదు.

పంపు వేశాక నేను వలస నుంచి తిరిగివచ్చిన మొదటి యేడు మూడో గుంతకు బావవి నాలుగు. మరుసటి యేడు అయిదు. ఆ పై యేడు ఆరు, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. "కట్టె మెత్తబడ్డదిరా" అని కట్టె మార్చాడు. చివరి యేడు ఆ కట్టె ఊతంగానే బీడుకు వచ్చాడు. బంతిని కొట్టాలంటే కట్టె ఎత్తాలి, ఎత్తితే నిలబడలేడు. కొట్టిన ప్రతిసారీ పడ్డాడు. పడి, లేచి, తొమ్మిది దెబ్బల్లో వేశాడు.

మట్టి దులుపుకోకుండానే నన్ను అడిగాడు: "ఎన్ని గీసినవ్ బామ్మర్దీ?"

"నాలుగే బావా. అయిదు మాఫీ" అన్నాను.

బావ కళ్లు మెరిశాయి. ఇద్దరం అవ్వ కొంగులోని పల్లీల సద్ది పంచుకొని తిన్నాం.

ఇరవై యేళ్లు నిండకుండానే బావ మంచంలో ముడుచుకొని పోయాడు. అవ్వ కూడా పోయింది. కొత్త రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ కృష్ణా నీళ్లొచ్చాయి, చేతిపంపు తుప్పుపట్టి వంగిపోయింది. బీడు ప్లాట్లయింది. గుండును మందుపెట్టి పేల్చి కంకర చేశారు. బావ ఒకటీ, నాలుగూ, అయిదూ, ఆరూ, తొమ్మిదీ ఏ రోడ్డు కింద ఉన్నాయో తెలియదు.

పెద్దాయన ఆ రోజు కార్డులోని చివరి మాట కూడా చెప్పాడు. హ్యాండిక్యాప్. తక్కువ ఆటగాడి లెక్కలోంచి కొన్ని దెబ్బలు తీసేస్తారట, అప్పుడు ఎవరైనా ఎవరితోనైనా సమానంగా ఆడొచ్చునట. నేను గడ్డిలో కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకొని ఆయన నీళ్ల సీసా ఇచ్చాడు.

ఇక ఒట్టు సంగతి. పొట్టేలు కథ నేను కట్టిందని మీరనుకుంటారు. అది జరిగింది. నేను కట్టింది ఆ చివరి మాఫీ.

బావ అడిగినప్పుడు "తొమ్మిది" అన్నాను, అందరికీ వినబడేట్టు. ఎందుకంటే ఆ రోజు నావి అయిదు, బావను గెలవడం నాకు అదే మొదటిసారి. "జర మాఫీ జెయ్‌రా" అని అవ్వ మెల్లగా అన్నది కూడా. "ఆట ఆటనే అవ్వా" అన్నాను. "మంచిగ ఆడినవ్ బామ్మర్దీ" అని బావ కట్టె నా చేతిలో పెట్టి, అవ్వ భుజం పట్టుకొని ఇంటికి పోయాడు. మళ్లీ బీడుకు రాలేదు.

ఆ కట్టె నా దగ్గరే ఉన్నది.