నాలుగో నంబరు చేపకు వారం విశ్రాంతి

ఆస్పత్రి మూతపడి ఇరవై రెండేళ్ళ ఆయా ఉద్యోగం పోయాక, ఆవిడ చెరువు గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు మార్చే పనికి కుదిరింది. ఆ చెరువు ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన గుంత. వానలకు నిండింది. నిండాక ఎవరో దూరదేశపు నదుల నుంచి వేలెడంత చేపపిల్లల్ని తెప్పించి వదిలారు. అవి ఇప్పుడు మనిషిని మించి ఎదిగాయి. వాటిని గాలం వేసి పట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేయడానికి జనం వారం పది రోజులు సెలవు పెట్టుకుని వస్తారు. బోర్డు మీద సరస్సు అని రాసి ఉంటుంది. పనివాళ్ళు మాత్రం చెరువనే అంటారు.

చేరిన నెలలోపే ఒకరోజు ఆవిడ గట్టు పక్కన దుప్పట్లు ఆరేస్తూ ఉంటే, కొక్కెం చీల్చిన చేప పెదవిని ఇద్దరు పనివాళ్ళు చేతిరుమాలుతో అదుముతూ కనిపించారు. చేస్తున్న పని ఆపి వెళ్ళి, ఆ గుడ్డ తీసేయమంది. ఆఫీసులోంచి దూదీ, ఊదారంగు మందూ తెప్పించి, వార్డులో ఎన్ని వేలసార్లు చేసిందో అలాగే గాయం తుడిచి మందు రాసింది. చేప కిక్కురుమనలేదు. అంత బుద్ధిగల పేషెంటును తానెప్పుడూ చూడలేదని ఆవిడ ఇంట్లో చెప్పింది. మర్నాటికి గట్టు మీద ఒక స్టూలు, గొడుగు, మందుల పెట్టె వెలిశాయి. అందరూ ఆవిణ్ణి నర్సమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళకూ రాని పదోన్నతి చెరువుగట్టున ఒక్క పూటలో వచ్చింది.

ఆవిడ ప్రతి చేపకూ ఒక నంబరు ఇచ్చింది, వార్డులో మంచాలకున్నట్టు. నోటుబుక్కులో ఏ నంబరు ఎప్పుడు పడింది, గాయం ఎక్కడ, మానిందా లేదా రాసుకునేది. ఇంట్లో వాళ్ళాయన, బస్సుల మెకానిక్కు, అడిగినవాళ్ళకు మా ఆవిడ ఇంకా వైద్యశాఖలోనే ఉందని చెప్పుకునేవాడు. అత్తగారు మాత్రం ఈ వ్యవహారం ఏమిటో చివరికంటా తేల్చుకోవాలనుకుంది.

"పడతారు, సరే. వండుకోరా?"

"వండుకోరత్తయ్యా. వదిలేస్తారు."

"వదిలేసేదానికి మందెందుకు?"

"మళ్ళీ పట్టాలి కదా."

అత్తగారు, అయితే ఆ పట్టేవాళ్ళకు కూడా ఏదన్నా మందు ఉందేమో కనుక్కోమంది.

చెరువులో అన్నిటికంటే పెద్దది నాలుగో నంబరు. అది అరపైమా అనే జాతి. ఆ చేప అప్పుడప్పుడూ పైకొచ్చి, మనలాగే నోరు తెరిచి గాలి మింగాలి. అలసిపోయి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్ళలో మునిగి చచ్చే చేప కూడా ఉంటుందంటే అత్తగారు నమ్మలేదు. ఒక వారం నాలుగో నంబరు ఎవరో అతిథికి పడింది. వదిలాక అరగంట దాకా తేరుకోలేదు. నర్సమ్మ పుస్తకంలో "వారం విశ్రాంతి" అని రాసి, అది తిరిగే మూల ఎవరినీ గాలం వేయనివ్వొద్దని మేనేజరుకు చెప్పింది. మేనేజరు అంతకుముందు మోటారు పంపులు అమ్మిన మనిషి, అందరికీ సరే అనడం అలవాటు. ఆయన నీళ్ళు నమిలాడు. మూల మూసేస్తే అతిథులు ఊరుకోరట. "చేపకు సెలవు చీటీ రాసిస్తే అది గాలానికి చూపిస్తుందా, నర్సమ్మా?" అన్నాడు.

ఆ మూలే ఎనిమిది రోజులుగా ఒక పళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు. రిటైరైన మనిషి. నాలుగో నంబరు కోసం వరసగా మూడో ఏడు వచ్చాడు. మొదటి ఏడు భార్య కూడా వచ్చింది, తర్వాతి రెండేళ్ళూ తన చెల్లెలింటికి వెళ్తానంది. ఎనిమిది రోజుల్లో ఆయన గాలానికి పడ్డవి రెండు నాచు ముద్దలు, పక్క గది అతిథి టోపీ.

తొమ్మిదో రోజు పొద్దున చేప పడింది. పనివాళ్ళు సాయం పడతామన్నా ఆయన గాలం కర్ర వదల్లేదు. గంటసేపు లాగాడు. ఒడ్డుకు వచ్చేసరికి నాలుగో నంబరు పక్కకు ఒరిగిపోయి ఉంది. పనివాళ్ళు దాని కింద గుడ్డ ఊయల పరిచారు. ఫోటోగ్రాఫరు కెమెరా సర్దుకున్నాడు. డాక్టరు కొత్త టోపీ పెట్టుకున్నాడు.

నర్సమ్మ కట్టుకున్న చీరతోనే నడుము లోతు నీళ్ళలోకి దిగి, చేప దవడ కింద చెయ్యి పెట్టి తల పైకెత్తింది. నోరు తెరుచుకోలేదు.

"ఫోటో వద్దు," అంది.

"ఒక్క నిమిషమమ్మా. మూడేళ్ళు ఆగాను," అన్నాడు డాక్టరు.

"మీకున్నాయండీ నిమిషాలు. దీనికి లేవు."

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఒకసారి డాక్టరు గారూ అన్నాడు, ఒకసారి నర్సమ్మా అన్నాడు. డాక్టరు ముఖం ఎర్రబడింది. ఆవిడ ఆయన వైపు తిరగలేదు. చేప బరువుకు ఆవిడ భుజాలు అప్పటికే వణుకుతున్నాయి.

"మీరూ దిగండి. నోరు మీ విద్యే కదా," అంది.

ఎందుకు దిగాడో ఆయనకూ తెలియదు. దిగాడు. టోపీ ఎటో తేలిపోయింది. చేప నోట్లోకి తొంగి చూస్తే, పాత గాయం పక్కనే కొత్తది, రెండూ కలిసిపోయి దవడ లోపలిదాకా చీలి ఉంది. కొక్కేనికి లోపలివైపు తిరిగి ఉండే ముల్లు చేసిన పని అది. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న పట్టకారుతో కొక్కెం తీశాడు. ఒక్క తిప్పుకే ఊడొచ్చింది. అది నర్సమ్మ గమనించింది.

తర్వాత చేయగలిగిందేమీ లేదు. ఆవిడ తల పట్టుకుంది, ఆయన నడుము పట్టుకున్నాడు. వార్డులో ఆపరేషనైన వాళ్ళకు మెలకువ వచ్చేదాకా పక్కన కూర్చుని మాట్లాడటం ఒకప్పుడు ఆవిడ పని. ఇప్పుడూ అదే చేసింది. ఎండ బాగా ఉందనీ, ఆస్పత్రికి తాళం వేసిన రోజు గోడ గడియారం తానే దించిందనీ చెప్పుకుపోయింది. చేపకు చెప్తోందా తనకు చెప్తోందా అర్థంకాక డాక్టరు ఊ కొట్టాడు. కాసేపటికి ఆయనా చెప్పడం మొదలుపెట్టాడు. దవాఖానా అల్లుడికి అప్పజెప్పాడట. పేషెంట్లు కూర్చునే గదిలో అల్లుడు ఈయన ఫోటో తీసేసి, ఏదో పళ్ళపొడి బొమ్మ పెట్టాడట. "చేపతో దిగిన ఫోటో అయితే ఉంచుతాడనుకున్నాను," అన్నాడు.

నర్సమ్మ చేప తలను ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

అరగంట దాటాక నాలుగో నంబరు నోరు తెరిచి, బిందె నీళ్ళలో ముంచినట్టు బుడుంగుమని గాలి మింగింది. ఇంకోసారి మింగింది. మూడోసారి మింగి, తోకతో ఒక్కటిచ్చి డాక్టరును వెల్లకిలా పడేసి, వెళ్ళిపోయింది. ఫోటోగ్రాఫరు అప్పటికి టిఫినుకు వెళ్ళాడు.

డాక్టరు ఫిర్యాదు చేస్తాడని మేనేజరు సాయంత్రం దాకా ఆఫీసులోంచి బయటికి రాలేదు. డాక్టరు ఫిర్యాదు చేయలేదు. మర్నాడు పెందలాడే ఒక ఆకురాయి సంపాదించి, నర్సమ్మ స్టూలు పక్కన కుర్చీ వేసుకుని, గెస్ట్‌హౌస్‌లో ఉన్న కొక్కేలన్నిటి ముళ్ళూ ఒక్కొక్కటే అరగదీశాడు. నూట నలభై ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఇంత ఓపికైన పేషెంట్లు తనకూ దొరకలేదన్నాడు. మధ్యాహ్నం ఆ మూలలో నాలుగో నంబరు పైకొచ్చి గాలి మింగి పోయింది. ఇద్దరూ తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడ్డారు. వెళ్ళే రోజు ఆయన, భార్య ఉన్న ఆ చెల్లెలింటికి ఫోన్ చేసి, తానూ అక్కడికే వస్తున్నానని చెప్పాడు. ఎవరు మాట్లాడేదని భార్య రెండుసార్లు అడిగిందట.

ఆ నెలలోనే మేనేజరు చెరువుకు అడ్డంగా తాడు కట్టించాడు. ఏ మూల ఎన్నాళ్ళు మూసి ఉండాలో నర్సమ్మ చెప్పాలి. కొందరు అతిథులు గొణుగుతారు. గొణిగినవాళ్ళను ఆయన ఆవిడ దగ్గరికే పంపిస్తాడు. వాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు గొణగరు.

ఆ మధ్య ఒక అతిథి, మీరెప్పుడైనా చేప పట్టారా నర్సమ్మా అని అడిగి, కర్ర చేతిలో పెట్టాడు. వద్దన్నా వినలేదు. ఆవిడ మొహమాటానికి గాలం వేసింది. రెండు నిమిషాల్లో ఏదో చేప కొక్కేన్ని గట్టిగా పట్టుకుంది. ఏ నంబరో తెలియలేదు. పాపం దానికి నొప్పి అనుకుని, ఆవిడ కర్ర వదిలేసింది. కర్ర రీలుతో సహా సర్రున చెరువులోకి పోయింది.

అతిథి చాలా ఖరీదైనదన్నాడు. ఆవిడ క్షమించమంది. పుస్తకంలో మాత్రం ఏమీ రాయలేదు.