మిషను ఆపి వినే మామ

నేను ఐదో తరగతి దాకే చదివాను. ఇలా రాయడం ఇదే మొదలు. వంకర మాటలు, తప్పు అక్షరాలు ఉంటాయి, ఏమీ అనుకోకండి.

మా మేనమామ నందిగామ చుట్టుపక్కల చెట్లు కొట్టేవాడు. గొడ్డలితో సగానికి పైగా కొట్టాక ఆగి, మానుకి చెవి ఆనించేవాడు. లోపల పటపటమని చప్పుడు వస్తే చెట్టు పడబోతున్నట్టు. "తాడు లాగు అల్లుడూ" అని ఇవతలికి వచ్చేసేవాడు.

తర్వాత కొత్తగా కోత మిషను కొన్నాడు. పూట పట్టే పని చిటికెలో అయ్యేది. అయినా మామ అలవాటు మానలేదు. మధ్యలో మిషను ఆపి మరీ వినేవాడు.

కొన్నేళ్లకి వీరులపాడులో ఒక ఇంటి పక్కన వేపచెట్టు కోస్తున్నాం. మామ మిషను ఆపి చెవి ఆనించాడు. ఎంతకీ తియ్యలేదు.

"ఏంటండీ, చెట్టుతో ఫోను మాట్లాడుతున్నారా?" అని ఆ ఇంటావిడ నవ్వింది.

మామ నావైపు చూశాడు. "అల్లుడూ, మిషను ఆగలేదేంట్రా?"

"ఆగింది మామా."

"మరి ఈ మోత ఏంటి?"

నేనూ చెవి ఆనించాను. లోపల పటపటమంటోంది. "మామా, ఇవతలికి రా!" అని అరిచాను. మామ మళ్ళీ మానుకి చెవి ఆనించి ఉన్నాడు, నా అరుపు వినపడలేదు. చెయ్యి పట్టి లాగేశాను. చెట్టు మా పక్కనే పడింది.

ఆ రోజే మిషను నా చేతికిచ్చాడు. "చెవుల్లో దూది పెట్టుకోరా" అని కనపడినప్పుడల్లా అంటాడు. పెట్టుకుంటూనే ఉన్నాను. నాకు ఇంకో పని రాదు.

నిన్న జగ్గయ్యపేటలో తుమ్మచెట్టు కోస్తూ మిషను ఆపాను. దూది తీసి మానుకి చెవి ఆనించాను. మిషను మోతే వినపడింది.

ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు. తప్పులుంటే మన్నించండి.