నా ఎత్తు బంగారం

మా వైపు సమ్మక్కకు బెల్లం ఇస్తాం. దాన్ని బెల్లం అనం, బంగారం అంటాం. ఎవరి పేరున మొక్కారో వాళ్లను తరాజులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండో వైపు వాళ్లు తూగినంత బంగారం పెట్టాలి. పసిపిల్లలైతే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నా పేరున మొక్కిన మొక్కు తీరేనాటికి నేను ఇంటర్ చదివే బిడ్డకు తల్లిని.

చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి ఎముకల గూడునయ్యానట. జగిత్యాల ఆస్పత్రిలో నన్ను ఒళ్లో పెట్టుకుని మా అమ్మ మొక్కింది. "నా బిడ్డ ఒళ్లు చేస్తే ఎత్తు బంగారమిస్త తల్లీ" అని. బతికించు అని మాత్రం అడిగి ఊరుకున్నా సరిపోయేది. తర్వాత కోరుట్లలో ఇల్లు కట్టుకోవడం, అన్న పెళ్లి, నాన్న పోవడం, ఇట్లా ప్రతి జాతరకూ ఏదో ఒక అడ్డం వచ్చి మొక్కు వాయిదా పడింది. నేను మాత్రం ఆగలేదు. ఒళ్లు చేస్తూనే ఉన్నాను.

పెళ్లయి సిరిసిల్ల వచ్చాను. రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో మిషన్ మీద పని. శనివారం ఒక్కపొద్దుంటాను. గుడి మెట్లు ఎక్కుతుంటే నా వెనక మాటలు వినపడేవి.

"ఒక్కపొద్దుంటె గింత ఒళ్లెట్లుంటది? ఇంటికి పోయి తింటది కావచ్చు."

బోనాల నాడు మా కులపెద్ద నన్ను పక్కకు పిలిచి, "నడువలేవు గాని ఆటోల రా బిడ్డా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నెత్తిన బోనం పెట్టుకుని ఆటోలో ఎట్లా కూర్చోవాలో ఆయనకే తెలియాలి. నేను నడిచే పోయాను.

మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. తర్వాత ఎప్పుడో ఏడుపు ఆగిపోయింది, కోపం కూడా. పంటి డాక్టర్ సూది వేశాక దవడ తడుముకుంటే ఎట్లుంటుందో అట్లా ఉండేది. ఉన్నట్టు తెలుస్తుంది గాని నాది అనిపించదు. గుడికి పోవడం మాత్రం మానలేదు.

ఈసారి జాతర దగ్గర పడగానే అమ్మ ఫోన్ చేసింది. "నా మోకాళ్లు పనిచేస్తలెవ్వు బిడ్డా. గీసారన్న మొక్కు తీర్చుకుందాం" అంది. తరాజు పెట్టేది అమ్మవారిని నిలిపే గద్దెల ముందు, అందరి కళ్ల ముందు. కాదనలేదు. సరేనన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆ రోజు నుంచి రాత్రి అన్నం మానేశాను. పొద్దున సగం జొన్నరొట్టె, మధ్యాహ్నం ఇంత మజ్జిగ. ఎవరికీ చెప్పలేదు. తరాజు ఎక్కేలోపు కాస్తయినా తగ్గాలి. నేను మొక్కుకున్నది అదొక్కటే.

జాతర ముందురోజు కోరుట్ల పోయాను. అమ్మ నాకు కొత్త గాజులు తొడుగుతోంది. ఎప్పుడూ సబ్బు నీళ్లు పెట్టి, నేను మూలుగుతుంటే ఎక్కించే సైజు. ఈసారి ఒక్కసారికే జారిపోయాయి. నా చెయ్యి వదలకుండా చూసింది.

"తింటలేవా?"

"తింటున్న."

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయి, నా పళ్లెంలో రెండింతల అన్నం పెట్టుకొచ్చింది. ఒంట్లో బాగాలేదని పక్కన పెట్టేశాను.

తెల్లారి గద్దెల దగ్గర మాకంటే ముందు ఒక చంటిపిల్లాణ్ని తూచారు. జనం ముద్దులాడారు. తర్వాత నన్ను పిలిచారు. బంగారం పెట్టే మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఇంకింత పెద్ద తరాజు తేవాలెనేమో" అన్నాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సిగ్గు ముంచుకొస్తుందేమోనని చూశాను, రాలేదు. తరాజు పలక మీద కూర్చుని నా కాళ్లకేసి చూసుకుంటూ ఉన్నాను. దిమ్మ మీద దిమ్మ పెడుతున్నారు. పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో అంటున్నారు. చివరికి రెండు వైపులూ సమానంగా నిలిచాయి.

"సరిపోయింది. దిగు అక్కా."

"దిగకు," అంది మా అమ్మ.

సంచిలోంచి ఇంకో దిమ్మ తీసింది. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, కుంటుకుంటూ వచ్చి తరాజులో పెట్టింది. నేను పలకతో సహా పైకి లేచాను. నా కాళ్లు నేలకు అందలేదు.

"ఎక్కువైంది గదా అవ్వా" అన్నాడు బంగారం పెట్టే ఆయన.

"ఎక్కువ గాలె. మీ నవ్వులకు బయపడి కడుపు మాడ్సుకొని అచ్చింది నా బిడ్డ. గా కరిగింది గూడ సమ్మక్క తల్లికి రావాల్సిందే." గొంతు పెంచకుండానే అంది. తర్వాత ఆ ఆడవాళ్ల వైపు తిరిగింది. "సచ్చిపోతదన్న పోరి. ఒళ్లు చెయ్యాలె అని నేనే అడిగిన. తల్లి అడిగినంత ఇచ్చింది. మీకేం తక్కువైంది?"

ఆయన నన్ను మెల్లగా కిందికి దించాడు.

గద్దె మీద బంగారం పెట్టాక పూజారి కొంత తిరిగి ఇచ్చాడు. అమ్మ అందులో ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టింది. అన్ని రోజుల తర్వాత నాలుకకు తీపి తగిలింది. ముందు దవడలు నొప్పి పుట్టాయి. తర్వాత ఏడుపొచ్చింది. అంతమంది మధ్య నిలబడి, నోట్లో బెల్లం పెట్టుకుని పెద్దగా ఏడ్చాను.

అమ్మ కొంగుతో నా మూతి తుడిచి, ఇంకో ముక్క విరిచింది.