ముక్కు లారీకి దసరా పూజ

మా ఇంటి ముందు నిలబడ్డ లారీని చూసి జనగామలో నన్ను అడగనివాడు పాపాత్ముడు. "కిరాయికి తిప్పుతున్నవా అన్నా?" అని ఒకడు, "ఇసుక కోసమా?" అని ఇంకొకడు. షోకు కోసం కొన్నానంటే ఒక్కరూ నమ్మరు. నాది విత్తనాల దుకాణం. పొద్దంతా పత్తి గింజ మొలవలేదని రైతులతో మాటలు పడేవాడికి సాయంత్రం కాసేపు చేతులు నల్లగా చేసుకునే హక్కు లేదా?

దాన్ని గార్లలో ఒక రైతు దొడ్లో చూశాను. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత పెట్రోలు లారీ. ఒకప్పుడు ఆ ఇంటి వడ్లు, మిర్చి మోసిందట. నేను చూసేనాటికి దాని తొట్టిలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అమ్మిన ఆసామి అబద్ధమేమీ ఆడలేదు. "నడుస్తది గానీ, దానికి నడువ బుద్ధయినప్పుడే నడుస్తది" అని ముందే చెప్పాడు. నేనే చెవిన పెట్టలేదు.

మహబూబాబాద్ దాకా బాగానే వచ్చింది. అక్కడ రేడియేటర్ కారిపోయి నడిరోడ్డు మీద కూర్చుంది. వెనక బస్సుల వాళ్లు తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి. వేరే రేడియేటర్ కోసం భూపాలపల్లిలో బొగ్గు లారీలు విప్పే పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాను. మంచిది దీనికి సరిపోదు, సరిపోయేది చిల్లులు పడి ఉంది. చివరికి ఆ చిల్లులదే తెచ్చి అతుకులు వేయించాను. అది బాగయ్యేసరికి బ్రేకులు పోయాయి, బ్రేకులు బాగయ్యేసరికి పెట్రోలు ట్యాంకు తుప్పు రాల్చడం మొదలుపెట్టింది. ఒక రోగం కుదిరితే ఇంకో రోగం. కోరి కొరివితో తల గోక్కున్నాను, ఎవరిని అనాలి?

మా ఆవిడ చాలాకాలం ఓర్చుకుంది. బతుకమ్మ పండుగకు ఆ ఓర్పు అయిపోయింది. మా వాడలో ఆడవాళ్లు ఏటా బతుకమ్మలు పెట్టి ఆడేది మా ఇంటి ముందరే. ఈసారి ఆ జాగాలో లారీ ఉంది, స్టార్టు కాలేదు. అందరూ దాని వెనకాల ఇరుకులో తిరిగి ఆడారు. ఒకామె కొత్త చీర కుచ్చిళ్లకు ఇంజనాయిలు అంటింది. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడుతూ తేల్చి చెప్పింది.

"దసరా నాడు జమ్మి కాడికి అది దాని కాళ్ల మీద పోవాలె. పోతే ఉంచుకో. పోకుంటే తెల్లారి పాత ఇనుపోళ్లు వస్తరు. మాట్లాడి పెట్టిన."

ఆమె మాట్లాడి పెట్టిందంటే అయిపోయినట్టే. దుకాణం మూసుకుని లారీ కిందే పడి ఉన్నాను. దసరా పొద్దున ముందు నుంచి హ్యాండిల్ ఒక్కసారి తిప్పగానే స్టార్టయింది. చింత చచ్చినా పులుపు చావలేదని పొంగిపోయి, వాడంతా ఒక చుట్టు తిప్పి తెచ్చి తానానికి పోయాను.

వచ్చేసరికి ముక్కు మూత ఎత్తి ఉంది. మా ఆవిడ ఇంజనుకు పసుపు, కుంకుమ పెడుతోంది.

"లోపల ఎందుకే?" అన్నాను.

"గుండెకాయ గిదే గదా. పైపైన బొట్టు పెడితే అదేం పూజ?"

నిజం చెప్పాలంటే సంతోషమేసింది. మనసు మారిందనుకున్నాను.

సాయంత్రం వాడ పిల్లలు, ముసలివాళ్లు తొట్టిలోకి ఎక్కారు. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. దిగి హ్యాండిల్ తిప్పాను. ఉలుకు లేదు, పలుకు లేదు. భుజం పడిపోయేదాకా తిప్పాను. తొట్టిలో నవ్వులు మొదలయ్యాయి, తర్వాత ఒక్కొక్కరే దిగి జమ్మి దగ్గరికి నడిచిపోయారు.

ప్లగ్గులకు కరెంటు పంచే మూత విప్పి చూస్తే లోపల పసుపు నీళ్లు. కొబ్బరి వాసన. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

"కొబ్బరి నీళ్లు ఎవరు పోసిండ్రు దీంట్ల?" అని అరిచాను.

"నేనే పోసిన" అంది మా ఆవిడ. "జర కదలాలె తల్లీ అని మొక్కి పోసిన."

"కదలాల్నా? ఇనుపోళ్లను పిలిచింది నువ్వే గదా?"

"పిలిచిన. పిలిచిన కాన్నుంచి నాకు నిద్ర లేదు. గా లారీ పోతే దుకాణంల రైతులు తెప్పిచ్చిన కోపమంతా ఎవరి మీద తీస్తవ్? నా మీదనే గదా."

ఆమె కిందికి దిగి, నేను వద్దంటున్నా వినకుండా పట్టుచీర కొంగుతో ఆ మూత తుడిచింది. బిగించి తిప్పాను. నాలుగు దగ్గులు దగ్గి స్టార్టయింది. అప్పటికే జనం జమ్మి ఆకు పట్టుకుని తిరిగొస్తున్నారు. వాళ్లకు ఎదురుగా పోయాం, మేమిద్దరమే. దారిలో ఆమె ఫోను తీసి ఇనుపోళ్లను రావద్దని చెప్పింది.

జమ్మి దగ్గర నా చేతిలో బంగారమని ఆకు పెట్టింది. ఇంకో ఆకు పట్టుకుని లారీ ముందుకు పోయి, ముక్కు మూత ఎత్తబోయింది.

"బయట పెట్టు" అన్నాను. "నీ కాళ్లు మొక్కుత, బయట పెట్టు."